నాన్న తోలిన చెరువు

నాకు కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. ఊరందరి మీదా కాదు, ఒక్క మనిషి మీదే. డిగ్రీ నుంచీ నా పక్కన కూర్చుని, నా టిఫిను డబ్బాలో చెయ్యి పెట్టి, నా ప్రాక్టికల్ రికార్డులో బొమ్మలు చూసి గీసుకున్న నా స్నేహితురాలి మీద.

ఇద్దరం ఒకే చదువు చదివాం. నేలలోకి మేకులు దిగ్గొట్టి, కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారుతుందో కొలిచి, కింద బంకమట్టి ఉందా, మొరం ఉందా, బండ ఉందా చెప్పే చదువు. ఆ చదువుతో ఆమె యూనివర్సిటీలో ప్రొఫెసరయింది. అదే చదువుతో నేను ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల బోరు పాయింట్లు పెడుతున్నాను.

బోరు పాయింటు పెట్టడం తక్కువ పనని ఎవరైనా అంటే నేను ఊరుకోను. కానీ అందులో పేరు రాదు. నేను వెళ్ళేసరికి కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే ఆయన ఒకసారి వచ్చి వెళ్ళి ఉంటాడు. నీళ్ళు పడితే కొబ్బరికాయ మహిమ, పడకపోతే మేడమ్ మిషను దోషం. అపార్ట్‌మెంటు సెక్రటరీలు బోరు బండి దగ్గర ఫోటోలు దిగేటప్పుడు నన్ను కాస్త పక్కకు జరగమంటారు. ఆమె ఫోటో మాత్రం పేపర్లో పడుతుంది. ఈమధ్య టీవీలో కూడా కనబడింది, టోపీ పెట్టుకుని, ఎండలో నిలబడి, చేతులు తిప్పుతూ.

వాళ్ళది దిల్‌సుఖ్‌నగర్. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వాళ్ళ నాన్నగారు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. మా పీజీ ఎంట్రన్స్ ర్యాంకులు వచ్చినప్పుడు ఆ సెంటరు ముందు కట్టిన బోర్డు మీద ఆమె మొహం చక్రమంత ఉంది. నాది కింద వరసలో, స్టాంపు సైజులో, పక్కవాడి చెవి నా మీదకు వచ్చేలా ఉంది. బస్సు అక్కడ ఆగినప్పుడల్లా చూసేదాన్ని. బోర్డు తీసేశాక కూడా కొన్నాళ్ళు చూశాను.

మాది మన్సూరాబాద్. నాన్న పోయాక అమ్మా నేనూ ఉంటున్నాం. అంతకుముందు మాకు తుర్కయంజాల్ అవతల నాలుగెకరాల ఎర్ర చెలక, వానకే పండే మెట్టనేల, ఉండేది. వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కాయి. నేను చదువు పూర్తి చేసి మిషను పట్టుకునేలోపే నాన్న దాన్ని అమ్మేసి, పట్నం వచ్చి, ఇసుక లారీ తోలాడు. ఆ చెలక గురించి మా ఇంట్లో ఎక్కువ మాట్లాడుకోం. మాట్లాడకపోయినా అది మాదే అన్న ధీమా మాత్రం నాలో ఉండిపోయింది. నాకంటూ ఎవరితో పంచుకోనిది ఏదైనా ఉందంటే అదే.

మా అమ్మకు నా స్నేహితురాలంటే ప్రాణం. కారణం ఒకటే, ఆమె అమ్మను "పిన్నిగారూ" అంటుంది. ఆ "గారు" విన్నప్పుడల్లా అమ్మ కొంగు సర్దుకుంటుంది. ఆమె వచ్చి వెళ్ళిన రోజు రాత్రి భోజనాల దగ్గర నాకు తద్దినమే.

"గా పిల్లను జూడు, ఎంత నిమ్మలంగ మాట్లాడ్తది. నువ్వున్నవ్, నోరు దెరిస్తే లొల్లి."

నా నెత్తిన తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ఇంకా ఆ పిల్లను చూసి నేర్చుకోమంటే నేనేం నేర్చుకుంటాను?

ఆమె ఫోన్ చేసింది ఎండలు ముదిరే రోజుల్లో. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద ఉన్న టిఫిన్ సెంటరుకు రమ్మంది. వాళ్ళ డిపార్ట్‌మెంటు మిషను రిపేరుకు వెళ్ళిందట. నా మిషను, నా మనుషులు కావాలట.

"కిరాయి ఇస్తరా మరి?" అన్నాను.

"ఇస్తాంలే. కానీ నువ్వూ రావాలే. నువ్వు మేకు కొట్టినంత నిటారుగా మా పిల్లలు కొట్టలేరు" అంది.

పొగిడిందో, పనిమనిషిని కుదుర్చుకుందో తేల్చుకోలేక దోసె తింటూ ఉండిపోయాను. ఆమె చెప్పుకుపోయింది. సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాటాక ఒక గుట్ట మీద రాతి గొడ్డళ్ళు దొరికాయట. కిందికి వస్తే ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం దొరికిందట. అంటే చరిత్ర రాసుకోవడం మొదలుకాకముందే అక్కడ మనుషులు చాలా కాలం బతికారు. కానీ వాళ్ళు నీళ్ళు ఎక్కడ తాగారు, చనిపోయినవాళ్ళను ఎక్కడ పెట్టారు, ఈ రెండూ తేలలేదు.

"అంతా తవ్వుకుంటూ పోతే నా సర్వీసు చాలదే. తవ్వకుండా మట్టిని కొలుచుకుంటూ పోతే అప్పటి నేల ఎలా ఉండేదో గీయొచ్చు. ఎక్కడ వాగు, ఎక్కడ దిబ్బ, ఎక్కడ పల్లం. ఇప్పుడున్న ప్లాట్లూ రోడ్లూ అన్నీ చెరిపేసి, పాత నేలను చూడాలని నాకు" అంది. చెబుతూ సాంబారు గిన్నెలో వేలు ముంచి టేబుల్ మీద గుట్ట గీసింది. క్లీనర్ వచ్చి తుడిచేశాడు. మళ్ళీ గీసింది.

నాకు ఒళ్ళు మండింది. అవే నాలుగు మేకులు, అదే వైరు, అదే మిషను. నేను దాంతో మూడొందల అడుగుల కిందికి పోతే మోటారు ఎన్ని హెచ్‌పీ అని అడుగుతారు. ఈమె అదే మిషనుతో మూడు వేల ఏళ్ళ వెనక్కి పోతుంది, జనం నోరు తెరుచుకుని వింటారు. ఒప్పుకున్నాను మరి. ఒప్పుకోకపోతే ఇంకెవరి మిషనో తీసుకుపోతుంది, అప్పుడు దాని మీద కూడా కుళ్ళుకోవాలి.

తుర్కయంజాల్ దాటాక మా జీపు ఎడమకు తిరిగి, ప్లాస్టరు ఏనుగులున్న ఒక ఆర్చీ కిందనుంచి లోపలికి పోయింది. వెంచరు. కోర్టు కేసు వల్ల ఇళ్ళు లేవలేదు. ప్లాటు రాళ్ళు, ఎండిన గడ్డి, సగం కట్టిన ప్రహరీ గోడ. దిగి తల ఎత్తాను. గుట్ట మీద ఒకదాని మీద ఒకటి నిలబడ్డ రెండు గుండ్లు కనిపించాయి. పైది కాస్త ముందుకు వాలి, కిందివాడి చెవిలో ఏదో చెబుతున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు ఆ రెంటికీ నేను పేర్లు పెట్టాను.

అది మా చెలక.

స్నేహితురాలు పక్కనే టోపీ సర్దుకుంటోంది. మేం చెలక అమ్ముకున్న సంగతి ఆమెకు తెలుసు గానీ అది ఎక్కడో తెలియదు. నేను చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. "అయ్యో, అవునా" అని నా భుజం మీద చెయ్యి వేస్తుంది, వెంటనే ఆ ముక్క తన ఉపన్యాసంలో పెట్టుకుంటుంది. అన్నీ ఆమెకే ఉన్నాయి, ఇది కూడా ఎందుకు?

పని మొదలైంది. మేకులు దగ్గరగా పెడితే పైపొర సంగతి తెలుస్తుంది, ఎడంగా పెడితే లోతు సంగతి. ఎండకు నేల గట్టిపడి కరెంటు దిగడం లేదు. మేకు మేకుకూ ఉప్పునీళ్ళు పోసుకుంటూ, గుట్ట వైపు నుంచి గోడ వైపు వరసలు వరసలుగా నడిచాం. మా వాళ్ళు అంకెలు చెబుతుంటే ఆమె లాప్‌టాప్‌లో ఎక్కించుకుంది. కరెంటు సులువుగా పారిన చోట, అంటే తడీ బంకమట్టీ ఉన్నచోట, నీలం రంగు, పారని చోట ఎరుపు. ఎర్ర చెలకలో ఎరుపే రావాలి. మూడోరోజుకు స్క్రీన్ నిండా నీలం పరుచుకుంది.

"చూశావటే" అంది. లాప్‌టాప్ నా వైపు తిప్పేసింది.

గొట్టంతో గుచ్చి మట్టి పైకి తీయించింది. మూరెడు మందాన నల్లటి బంకమట్టి, దాని కింద ఎర్ర మొరం. నల్లమట్టి నిండా నత్తగుల్లలు, నాలుగు చిల్లపెంకులు. ఆమె ఒక నత్తగుల్లను అరచేతిలో పెట్టుకుని, పసిపిల్ల పంటిని చూసుకున్నట్టు చూసుకుంది.

"ఇక్కడ చెరువు ఉండేదే. వాళ్ళు నీళ్ళు తాగిన చెరువు ఇదే" అంది. స్క్రీన్ మీద నీలం మధ్యలో గుండ్రంగా ఒక ఎర్ర చుక్క ఉంది. దాని మీద వేలు పెట్టి, "మధ్యలో చిన్న దీవి కూడా ఉంది" అని నవ్వింది.

నాకు మొదటి గొట్టం పైకి వచ్చినప్పుడే తెలిసిపోయింది. అది చెరువు మట్టే, సందేహం లేదు. కాకపోతే అక్కడి చెరువుది కాదు. ఊరవతల చెరువుది.

ఎర్ర చెలకలో తేమ నిలవదు. అందుకే మా వైపు ఎండాకాలం చెరువు ఎండగానే అడుగున పేరుకున్న నల్లటి పూడిక మట్టిని బండ్లకు ఎత్తి చెలకల్లో పోసుకుంటారు. ఎరువుకు ఎరువు, తేమకు తేమ. చెరువులో ఉన్న నత్తగుల్లలూ పెంకులూ దాంతోపాటే వచ్చేస్తాయి. నాన్న ఏటా తోలాడు. పొద్దున చెరువులోకి బండి దించి, తట్టలతో నింపి, చెలకలో కుప్పలు కుప్పలుగా పోసి, సాయంత్రం పారతో సాపు చేసేవాడు. అమ్మ తట్టలు అందించేది. ఖాళీ బండిలో నేను తిరుగు ప్రయాణం చేసేదాన్ని. మట్టి తోలే రోజుల్లో నాన్న మెడ మీద చర్మం పాములా ఊడివచ్చేది.

మరి మా స్నేహితురాలికి ఇది ఎందుకు తట్టలేదంటే, కృష్ణ ఒడ్డున నల్లమట్టి మీద పుట్టిన వంశం వాళ్ళది. మట్టి కాళ్ళకు అంటుకుంటే కడుక్కోవడం తెలుసు గానీ, మట్టి కోసం బండి కట్టుకుని పోవడం వాళ్ళ తాతముత్తాతలకు కూడా తెలియదు. ఎంత చదివినా మన ఇంట్లో లేని కష్టం మన బుర్రకు తోచదు.

ఇంకొకటి కూడా నాకు తెలుసు. ఆ ఎర్ర చుక్క.

మా చెలక మధ్యలో పెద్ద పెద్ద గుండ్లు వలయంగా ఉండేవి. రాకాసి గుళ్ళు అనేవాళ్ళం. ఏనాటివాళ్ళో చనిపోయినవాళ్ళను పూడ్చి చుట్టూ పేర్చిన రాళ్ళని నేను కాలేజీలో చదువుకున్నాను. నాన్నకు అంత తెలియదు. "ఎవరో పండుకున్నరు బిడ్డా, వాళ్ళ మీద మన్ను పొయ్యొద్దు" అనేవాడు. మట్టి తోలడం మొదలుపెట్టే రోజు అక్కడో కొబ్బరికాయ కొట్టేవాడు. ఆ తర్వాత బండి ఎప్పుడు వచ్చినా ఆ రాళ్ళను చుట్టి పోవాల్సిందే. లోపల ఒక్క తట్ట పోయనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం ఆ రాళ్ళ నీడన సద్ది తినేవాళ్ళం. నన్ను అన్నింట్లోకీ పొట్టి రాయి మీద కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు ఒక్క రాయి లేదు. చెలక కొన్నవాళ్ళు పగలగొట్టి ప్రహరీ గోడ పునాదిలో వేశారని అప్పట్లోనే విన్నాం. నాన్న ఆ రోజు అన్నం తినలేదు.

ఇంత తెలిసి కూడా నోరు మూసుకుని మేకులు పీకించి జీపులో వేయించాను. అది మంచిదా చెడ్డదా అని అడక్కండి. నా చెలక, నా నోరు.

పది రోజుల తర్వాత వాళ్ళ డిపార్ట్‌మెంటులో సెమినారు. రమ్మని పిలిచింది. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. అమ్మ వింతగా చూసింది గానీ ఏమీ అనలేదు. హాలు నిండా తలపండిన వాళ్ళు. ఆమె తెర మీద నీలం చెరువు చూపించి, దాని ఒడ్డున గుడిసెలు ఎక్కడ ఉండి ఉంటాయో, పశువులు ఎటునుంచి దిగి ఉంటాయో చెప్పింది. బాగా చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, నాన్న తట్టలతో పోసిన మట్టిలో కాసేపు నాకే అలలు కనిపించాయి. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. నాకు ఆగలేదు. ప్రశ్నలు ఉన్నాయా అని అడగ్గానే చెయ్యెత్తాను.

"అది చెరువు గాదు. చెరువులకెళ్ళి మా నాయిన తోలిన మట్టి. ఆ చెలక మాది" అన్నాను.

మైకు నా దగ్గరకు వచ్చింది. నీలం రంగు అంచులు చూడమన్నాను. మూడు వైపులా గీత గీసినట్టు ఆగిపోయింది. అవి మా గెట్లు, చెలక హద్దులు. చెరువుకు గెట్లు తెలియవు, నీళ్ళు పక్కవాడి చెలక అని ఆగవు. పక్కవాళ్ళు మట్టి తోలుకోలేదు, అందుకే అటువైపు ఎరుపు. ఎండాకాలం మట్టి ఎలా తోలుతారో కూడా చెప్పాను. చెబుతున్నంతసేపు ఆమె మొహమే చూస్తున్నాను. ఆ మొహం ఎలా మారుతుందో చూడటానికే కదా పట్టుచీర కట్టుకుని వచ్చింది.

ఆమె తెర వైపు తిరిగింది. గెట్టు మూల దగ్గర వేలు పెట్టింది. ఇటు తిరిగేసరికి నవ్వుతోంది.

"నిజమే. ఇంత తిన్నటి మూల చెరువుకు ఎలా వస్తుంది? నా కళ్ళ ముందే ఉంది, చూడలేదు" అంది. అందరి ముందూ అంది. వేదిక దిగి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని, ఎన్నేళ్ళు తోలారు, ఏ చెరువు నుంచి, ఎంత మందం పోసేవారు అని అడుగుతూ రాసుకుంది. ముందు వరసలో ఒక పెద్దాయన, శాస్త్రవేత్త అంటే ఇలా ఉండాలి, తప్పు తెలియగానే ఒప్పుకోవాలి అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఎవరికి కొట్టారనుకున్నారు? ఆమెకే. తప్పు చేసింది ఆమె, దిద్దింది నేను, చప్పట్లు ఆమెకు. ఓడిపోవడంలో కూడా ఆమెకే ఫస్టు క్లాసు.

దీవి గురించి మాత్రం ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మట్టి ఇచ్చేశాను, అది చాలు. రాళ్ళు నావి. అవి లేవు కాబట్టి ఇంకెవరికీ తెలిసే దారి లేదు. అమ్మ తర్వాత ఆ వలయం ఎక్కడుండేదో తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అనుకుంటే, మెట్రోలో నిలబడి వస్తున్నా సింహాసనం మీద ఉన్నట్టు అనిపించింది.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే అమ్మ తల కొట్టుకుంది. "పది మందిల గట్లంటరా? ఇంటికి పిలిచి జెప్తె ఏం పోయింది?"

వారం పది రోజులకు మళ్ళీ ఫోన్. నాన్న పోసిన పైపొర ఎంతో తెలిసింది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేసి చూసిందట. కింద ఒక వాగు బయటపడిందట. గుట్ట అడుగు నుంచి బయలుదేరి, వంపు తిరిగి, మా చెలకను దాటుకుని పోయిన పాత వాగు. ఎప్పుడో పూడిపోయింది. గొట్టం గుచ్చి చూస్తే గులకరాళ్ళు, ఇసుక, వాటి మధ్య బొగ్గు ముక్కలు కూడా వచ్చాయట.

"నువ్వు ఆ రోజు లేవకపోతే నేను ఆ పిచ్చి చెరువు దగ్గరే ఆగిపోయేదాన్ని. ఆదివారం వస్తున్నా, పిన్నిగారికి చెప్పు" అంది.

ఫోన్ పెట్టేసి కాసేపు వంటింట్లో ఊరికే నిలబడ్డాను. నాన్న ఆ చెలకలో నీళ్ళ కోసం బోరు మీద బోరు వేశాడు. చివరికి నీళ్ళు లేవని అమ్ముకున్నాడు. నేను ఊరందరికీ నీళ్ళు చూపించేదాన్ని, మా నాన్నకు చూపించలేకపోయాను. ఆమె వచ్చి నాలుగు రోజులు నడిచి, ఆ చెలకలోనే వాగు పట్టేసింది, ఎండిపోయిన వాగే అయినా. కడుపు మంట అంటే మాట వరసకు అంటారనుకునేదాన్ని. నిజంగానే మండుతుంది, బొడ్డుకు కాస్త పైన.

ఆదివారం పొద్దున్నే అమ్మ సర్వపిండి చేసింది. నాకు కావాలంటే మోకాళ్ళ నొప్పులు, ఆమె కోసమైతే పొయ్యి దగ్గర గంటసేపు నిలబడుతుంది. స్నేహితురాలు వచ్చి, చెప్పులు విడిచి, "పిన్నిగారూ, మీరు కూర్చోండి, నేను తెచ్చుకుంటా" అంటూ నేరుగా వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం తెచ్చుకుంది. హాల్లో చాప మీద పెద్ద కాగితాలు రెండు పరిచింది.

మొదటి కాగితం మీద వాగు. నిజంగా అందంగా ఉంది, అబద్ధం చెప్పను. ఎర్రటి నేలలో సన్నటి నీలం గీత, మెత్తగా తిరిగి ఉంది.

రెండో కాగితం తీసి అమ్మ ముందుకు జరిపింది. "ఇది నేను లెక్కలోంచి తీసేసిన పొర. తీసేసి పారేయబుద్ధి కాలేదు. బాబాయిగారు పోసిన మట్టంతా ఇదే పిన్నిగారూ. ఇదిగో, ఈ చారలు చూశారా? కుప్పలు వరసగా పోశారు కదా, ఆ వరసలు ఇంకా ఉన్నాయి."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగింది. నేనూ వంగాను. ముదురు నీలం, లేత నీలం, మళ్ళీ ముదురు. నాన్న బండి ఆగిన చోటల్లా ఒక ముదురు మచ్చ. అమ్మ ఒక మచ్చ మీద వేలు పెట్టి, తీసి, ఇంకోదాని మీద పెట్టింది.

మా నాన్న బొమ్మ మా ఇంట్లో గోడ మీద ఒకటే ఉంది, లారీ పక్కన నిలబడ్డది. ఇప్పుడు ఇది రెండోది. తీసింది మాత్రం ఆమే.

"ఈ గుండ్రటి ఖాళీ ఒక్కటే నాకు అర్థం కాలేదు" అంది స్నేహితురాలు, సర్వపిండి విరుచుకుంటూ. "దీవి అన్నాను చూడు, అది. చెలకంతా అంత ఒద్దికగా పోసి ఇక్కడొక్కచోట వదిలేశారు." అని, అమ్మ వైపు చూసి నవ్వింది. "ఇక్కడికి వచ్చేసరికి బాబాయిగారికి ఓపిక అయిపోయినట్టుంది."

ఆమె చెడుగా అనలేదు. అలవాటైన ఇల్లని చనువుగా అంది. కానీ అమ్మ వేలు కాగితం మీద ఆగిపోయింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు, ఆ వలయం నాదిగానే ఉండిపోయేది. ఆమె ఆ ఖాళీని వదిలేసి తన వాగు వెంట పోయేది. కేసు తేలాక దాని మీద రోడ్డు పడేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆమె పేపర్లన్నింట్లోనూ లేనిది ఒక్కటి నా దగ్గర ఉండేది. ఇదంతా నాకు ఆ నిమిషంలోనే తోచింది. ఊరుకుందామనే అనుకున్నాను కూడా.

కానీ ఓపిక అయిపోవడమేమిటి? మెడ మీద తోలు ఊడినా పార దించని మనిషి. ఆయన సంగతి నా ఇంట్లో, మా అమ్మ ముందు, ఈమె చెబుతుందా? అదీ తప్పుగా చెబుతుందా? చెలక గురించి చెప్పింది, చెరువు గురించి చెప్పింది, వాగు గురించి చెప్పింది. మా నాన్న గురించి కూడా ఈమే చెబితే ఇక నేనెందుకు? పెద్ద మనసుతో చెప్పానని ఎవరూ అనుకోవద్దు. ఓర్వలేకే చెప్పాను.

"ఓపిక అయిపోవుడు గాదు. ఆడ రాకాసి గుళ్ళుండె. మా నాయిన ఏనాడు వాళ్ళ మీద మన్ను పొయ్యలే" అన్నాను.

ఆమె చేతిలో సర్వపిండి పళ్ళెంలో పడింది.

"రాళ్ళేవి?"

"ప్రహరీ గోడల ఉన్నయ్, ముక్కలై."

ఆమె కాగితం మీదకు వంగి ఆ ఖాళీ చుట్టూ వేలు తిప్పింది. వాళ్ళు చనిపోయినవాళ్ళను ఎక్కడ పెట్టారని ఆమె గుట్టంతా వెతికింది. రాళ్ళు పోయినా ఆ చోటు పోలేదు. చుట్టూ మా నాన్న పోసిన మట్టి ఉంది కాబట్టి, మధ్యలో ఆయన పోయనిది కనిపిస్తోంది. ఇంకెవరి చెలకలో ఉన్నా అది కూడా ఎర్ర మట్టిలో ఎర్ర మట్టిగా కలిసిపోయేది. చివరికి మా నాన్న కూడా ఆమెకే కలిసొచ్చాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నా ఇష్టం" అన్నాను.

అమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "అది చిన్నప్పటి సంది గంతే బిడ్డా. దాని రాయి మీద ఎవ్వర్ని గూసోనియ్యకపోయేది. ఒకసారి నేను గూసుంటే గూడ ఏడిశింది" అంది. ఆ పిల్లతోనే అంది, నా గురించి, నేను అక్కడ లేనట్టు.

తర్వాత ఇద్దరూ కాగితం మీదకు వంగారు. అమ్మ వేలితో బండి దారి చూపిస్తోంది. ఇట్ల వచ్చేటోళ్ళం, గీడ తిప్పేటోళ్ళం, గిట్ల సుట్టు తిరిగి పోయేటోళ్ళం. చదువు రాని మా అమ్మ, మ్యాపు అనే మాట కూడా ఎరగని మా అమ్మ, ఆ కాగితాన్ని మా ఇద్దరికన్నా సులువుగా చదువుతోంది. స్నేహితురాలు పెన్ను తీసి, "పెద్ద రాయి ఏ వైపు ఉండేది పిన్నిగారూ?" అంటోంది. రెండు తలలు దాదాపు ఆనుకున్నాయి. నాకు వాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి.

నేను లేచాను. జరగమని అనలేదు. వాళ్ళిద్దరి మధ్యకు దూరి కూర్చుని, ఆమె చేతిలో పెన్ను లాక్కుని, ముందు నా రాయి గీశాను.